పని తీరిన గుర్రాలు

(ఆకాశవాణి మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



ఈవేళ నేను గుర్రాల గురించి మాట్లాడబోతున్నానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. "ఆడవాళ్ల కార్యక్రమంలో పచ్చళ్లూ, పసిపిల్లల పెంపకమూ చెప్పుకుంటారు గాని గుర్రాలేమిటే?" అన్నారు మా అత్తగారు. మావారైతే పేపరు దించకుండానే, "నీకు గుర్రమెక్కడం వచ్చునా?" అన్నారు. రాదు. నేను గుర్రం ఎక్కిందీ లేదు, ఎక్కాలన్న సరదా కూడా లేదు. కాని ఒక గుర్రం చావులో మా ఇంటికి భాగం వుంది. అది జరిగి ముప్ఫై అయిదేళ్లు దాటింది. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనని మాట ఇవాళ మీ అందరి ముందూ చెప్పాలనిపించింది.

మాది కృష్ణా డెల్టాలో ఒక చిన్న వూరు. రైలు స్టేషను వుంది, సినిమా హాళ్లు రెండు వుండేవి. నా చిన్నప్పుడు, అంటే 1988-89 ప్రాంతంలో, స్టేషను బయట చింతచెట్టు కింద ఇంకా నాలుగైదు జట్కాలు మిగిలి వుండేవి. అందులో ఒకటి మా వీధి చివర కాపురముండే సాయిబుగారిది. పిల్లలమంతా ఆయన్ని జట్కా తాత అనేవాళ్లం. పొద్దున్నే ఎనిమిదిమంది పిల్లల్ని గడ్డి పరిచిన జట్కాలో కుక్కి బడికి తీసుకుపోయేవాడు. సాయంత్రం నాలుగున్నరకు గేటు దగ్గర సిద్ధంగా వుండేవాడు. "ముందుకు జరగండమ్మా, బండి వెనక్కి తూగుతోంది" అనడం, అందరం ముందుకు జరగ్గానే "అబ్బే, ఇప్పుడు గుర్రం మెడ మీద పడ్డారు, కాస్త వెనక్కి" అనడం. జట్కా ఎక్కిన తరంవాళ్లకు ఈ మాటలు గుర్తుండే వుంటాయి.

ఆ జట్కాకు కట్టే ఆడగుర్రం పేరు రాణి. ఎర్రమట్టి రంగు, నుదుట తెల్లని చుక్క, మెడలో మువ్వల పట్టెడ. తాత చేతిలో చెర్నాకోల వుండేది గాని, దాని కర్రను తిరిగే చక్రం ఆకులకు తగిలించి టకటకమని చప్పుడు చేసేవాడు. ఆ చప్పుడుకే రాణి దౌడు అందుకునేది. సాయంత్రం బండి విప్పాక గడ్డి చుట్ట పెట్టి దాని ఒళ్లంతా మాలీషు చేస్తూ, ఆ రోజు స్టేషనులో ఎవరెవరు దిగారో, ఎవరు బేరమాడి దిగిపోయారో అన్నీ దానితో చెప్పుకునేవాడు. చెవులు ఆయన వైపు తిప్పి వినేది. "గుర్రం చెవులు చూస్తే మనసు తెలుస్తుందమ్మలూ. వెనక్కి నొక్కి పెట్టిందంటే నువ్వు పక్కకి జరుగు" అని నాకు ఆయనే నేర్పాడు.

తరువాత ఆటోలు వచ్చాయి. మొదట రెండు, ఏడాది తిరిగేసరికి ఇరవై. బడి పిల్లల్ని కూడా ఆటోలే తీసుకుపోసాగాయి. మమ్మల్నీ మా నాన్న ఆటోలోనే వేశారు, అందులో దాచడానికేముంది? జట్కాలో అరగంట పట్టేది, ఆటోలో పది నిమిషాలు. తాతకు రోజుకు ఒక బాడుగ వస్తే గొప్ప. ఉలవలు పోయి తవుడు, తవుడు పోయి వట్టి గడ్డి, చివరికి కాలవగట్టు మీద వదిలితే అది ఏం మేస్తే అదే. బండి కర్ర కింద అమ్మేశాడు. గుర్రాన్ని కొనేవాళ్లు లేరు. అప్పటికే దానికి పదిహేనేళ్లు. ఆ పైన ఆయనకు ఉబ్బసం. ఒకరోజు ఇంటికి తాళం వేసి, కూతురి దగ్గరకు పట్నం వెళ్లిపోయాడు. రాణిని కట్టు విప్పి వదిలేసి వెళ్లాడు.

మీరు నమ్మండి, నమ్మకపొండి. వదిలేసిన ఆ గుర్రం రోజంతా మార్కెట్లో కోబీ ఆకులూ, అరటి తొక్కలూ ఏరుకుని తిని, సాయంత్రం బడి వదిలే గంటకు వచ్చి గేటు ముందు నిలబడేది. బండి లేదు, తాత లేడు. పిల్లలమంతా ఆటోలెక్కి పోతుంటే అది తల వంచుకుని చూసేది. డొక్కలు లోపలికి పోయి పక్కటెముకలు లెక్కపెట్టేటట్టు అయింది. గిట్టలు పెరిగి చెప్పుల్లాగా ముందుకు సాగాయి, నడిస్తే తడబడేది. నేను ఇంటికి వచ్చి ఏడిచాను. మా నాయనమ్మ చూడలేకపోయింది.

ఆవిడ చేసింది చెబుతాను. గంగాళం నిండా ఉలవలు ఉడకబెట్టింది. గుర్రానికి బలం ఉలవల్లోనే వుందని మనందరికీ తెలుసు గదా. అందులో మిగిలిన అన్నమూ, బెల్లమూ కలిపింది. సాయంత్రం నేనే రాణిని తోలుకుని పెరట్లోకి తెచ్చాను. ఎన్ని నెలల ఆకలో, తల ఎత్తకుండా గంగాళం అడుగు నాకేదాకా తిన్నది. మా నాయనమ్మ దాని నుదుటి చుక్క మీద చెయ్యి వేసి, "తిను తల్లీ, తిను" అంటూ నిలబడింది. ఆ రాత్రి నాకు పండగ లాగా వుంది.

తెల్లవారేసరికి రాణి పెరట్లో నేలమీద పొర్లుతోంది. లేస్తుంది, కాలితో నేల దువ్వుతుంది, తిరిగి తన కడుపు వైపే చూసుకుంటుంది, మళ్లీ పడుతుంది. ఒళ్లంతా చెమట. కడుపు డోలులా బిగిసింది. పశువుల డాక్టరుగారికి కబురు పెడితే ఆయన పక్క వూరునుంచి వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అప్పటికే అయిపోయింది. "ఏం పెట్టారు?" అని అడిగి, గంగాళం వైపు చూసి, ఆయన ఇంకేమీ అనలేదు. ఆ మౌనమే మా నాయనమ్మకు చాలింది. ఆ ఏడాది మా ఇంట్లో ఉలవచారు కాయలేదు.

ఈ కథకు ఇంకొంచెం వుంది, అది చివర చెబుతాను. మధ్యలో మిమ్మల్ని వేరే దేశం తీసుకువెళ్లాలి.

కిందటేడు మా పెద్దమ్మాయి సెలవులకు వచ్చినప్పుడు ఒక ఇంగ్లీషు పుస్తకం తెచ్చింది. నా పదో తరగతి ఇంగ్లీషుకు అది అందదు గనుక రాత్రిపూట తానే చదివి అర్థం చెప్పేది. అందులో డొరతీ బ్రూక్ అనే ఆవిడ సంగతి వచ్చింది. 1930లో ఆవిడ భర్తకు ఈజిప్టులో ఉద్యోగం. ఆయన అక్కడి ఇంగ్లీషు అశ్విక దళానికి అధికారి. భర్త ఉద్యోగం వెంట పెట్టె సర్దుకుని కైరో నగరానికి వెళ్లిన గృహిణి ఆవిడ. అప్పటికి ఆవిడకు నలభై ఏడేళ్లు. నాకిప్పుడు సరిగ్గా అంతే. అందుకేనేమో, చెవి ఒగ్గి విన్నాను.

కైరోలో ఆవిడకు గుర్రాలు కనబడ్డాయి. బండ్లకు, రాళ్ల బరువులకు కట్టిన ముసలి గుర్రాలు. కొన్నింటికి కళ్లు లేవు, కొన్నింటికి కీళ్లు వాచి మోకాలు వంగదు. దగ్గరికి వెళ్లి చూస్తే వాటి తొడ మీద బాణం గుర్తు ముద్ర వుంది. అది ఇంగ్లీషు సైన్యం వాతపెట్టిన గుర్తు. అంటే అవి మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల్ని మోసిన గుర్రాలన్న మాట.

సంగతేమిటంటే, 1918లో యుద్ధం ముగిసినప్పుడు ఈజిప్టు, పాలస్తీనా ప్రాంతాల్లో వేలకొద్దీ సైనిక గుర్రాలు మిగిలాయి. మనుషుల్ని ఓడలెక్కించి ఇళ్లకు పంపారు. గుర్రాల్ని పంపాలంటే ఖర్చు, పైగా వాటితో రోగాలు వస్తాయని భయం. ఆస్ట్రేలియా నుంచి ఆ యుద్ధానికి లక్షకు పైగా గుర్రాలు వెళితే, తిరిగి ఆ దేశం చేరింది ఒకే ఒక్కటి, శాండీ అని ఒక సేనాధిపతి గుర్రం. ముసలివాటిని కాల్చేశారు, గట్టివాటిని వేరే దళాలకు ఇచ్చారు, మిగిలినవాటిలో వేలకొద్దీ అక్కడి జనానికి అమ్మేశారు. సైన్యం లెక్కల్లో అదొక పద్దు, అంతే. పన్నెండేళ్ల తరువాత డొరతీ బ్రూక్ చూసింది ఆ అమ్ముడుపోయిన గుర్రాల్నే.

ఇదేదో తెల్లవాళ్ల కథ అనుకోకండి. నిజాం రాజ్యం నుంచి హైదరాబాదు లాన్సర్లు అనే గుర్రపు దళం 1914లోనే సూయెజ్ కాలవను కాపాడడానికి ఈజిప్టు వెళ్లింది. మైసూరు, జోధ్‌పూర్ దళాలతో కలిసి అక్కడే యుద్ధమంతా గడిపింది. మైసూరు, జోధ్‌పూర్‌వాళ్లు 1918 సెప్టెంబరు 23న గుర్రాల మీద బల్లేలతో దూసుకుపోయి హైఫా పట్టణాన్ని పట్టుకున్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి అని ఒక కూడలి వుంది, దానికి 2018లో హైఫా పేరు కూడా చేర్చారు. అక్కడ వున్న మూడు కంచు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల సిపాయిలవే. అందులో ఒకరు మన హైదరాబాదువారు. ఢిల్లీ వెళ్లినప్పుడు మావారు చూపించారు కూడాను. ముగ్గురూ గుర్రపు దళంవాళ్లే గాని, ముగ్గురూ కాళ్ల మీదే నిలబడి వున్నారు. పక్కన ఒక్క గుర్రమూ లేదు. అప్పుడు నాకిది తట్టలేదు.

డొరతీ బ్రూక్ మొట్టమొదట కొన్న గుర్రానికి ఓల్డ్ బిల్ అని పేరు పెట్టారు. కైరోలో జంతు సంరక్షణ సంఘంవారి శాలలో దాన్ని చూశారు. సొంతదారుకు డబ్బిచ్చి కొన్నారు. ఆ ఒక్కదానితో ఆగలేకపోయారు. తన చేతిలో డబ్బు చాలక, 1931లో లండనులోని మార్నింగ్ పోస్ట్ అనే పత్రికకు ఒక ఉత్తరం రాశారు. మన సైన్యం వెంట వచ్చిన గుర్రాలు ఇక్కడ ఈ స్థితిలో వున్నాయి, వాటికి ఈ చివరి రోజుల్లోనైనా విశ్రాంతి ఇవ్వలేమా అని ఆ ఉత్తరం సారాంశం. చదివినవాళ్లు డబ్బు పంపారు. ఆ డబ్బుతో ఒక సంఘం ఏర్పరచి, మూడేళ్లలో సుమారు 5,000 గుర్రాల్ని కొన్నారు.

ఇక్కడ మా అమ్మాయి చదవడం ఆపి, "అమ్మా, తరువాత జరిగింది వింటావా?" అని అడిగింది. కొన్న గుర్రాల్లో చాలాభాగానికి ఆవిడ మరణాన్నే ఇచ్చారు. మెత్తగా మందంగా పక్క పరిచి, కడుపుకి సరిపడా మేత పెట్టి, నీళ్లు పెట్టి, కొద్ది రోజులు విశ్రాంతిగా వుంచి, ఆ తరువాత బాధ లేకుండా చంపించారు. అయిదువేల గుర్రాల్ని కాపాడారనే మాటకు అర్థం అది.

నేను ఆ రాత్రి నిద్రపోలేదు. చంపడానికి కొనడమేమిటి? మన పద్ధతిలో ముసలి పశువును చచ్చేదాకా చూసుకోవాలంటాం. అంటాం గాని చేస్తున్నామా? ఏ బజారులో చూసినా కనపడుతూనే వుంది గదా. ఆ గుర్రాలకు ఇరవై ఏళ్లు దాటాయి. పళ్లు అరిగి నమలలేవు, కాళ్లు వంగవు, పుండ్లు మానవు. వాటిని బాగుచేసి తిప్పగల వైద్యం అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. అమ్మినవాడి దగ్గరే వుంటే మర్నాడు మళ్లీ బండికి కట్టవలసిందే. నొప్పి లేని నాలుగు రోజులు ఆవిడ ఇవ్వగలిగారు, ఆ నాలుగు రోజులూ ఇచ్చారు. ప్రతిదాన్నీ తానే చూసేవారట. అది చెయ్యడానికి ఎంత గుండె వుండాలో! నేను చెయ్యలేను. కాని తప్పని అనలేను. మీలో కొందరికి ఇది ఒప్పుకోబుద్ధి కాకపోవచ్చు. మా అత్తగారు ఇప్పటికీ ఒప్పుకోలేదు.

నాకు ఆవిడలో ఎక్కువ నచ్చింది వేరొకటి. గుర్రాన్ని ఆ స్థితిలో వుంచిన బండివాణ్ణి ఆవిడ తిట్టి పంపలేదు. వాడూ పేదవాడే. గుర్రం పోతే ఆ పూట పొయ్యి వెలగదు. అందుకని డబ్బిచ్చే కొన్నారు. యుద్ధపు గుర్రాలు అయిపోయాక, 1934లో కైరోలోనే ఒక పశువైద్యశాల పెట్టించారు. దానికి ముసలి యుద్ధాశ్వాల స్మారక వైద్యశాల అని పేరు. పనిచేసే గుర్రానికీ గాడిదకూ అక్కడ వైద్యం ఉచితం. పుండు పడగానే తీసుకువస్తే నాలుగు రోజుల్లో మాని మళ్లీ పనికి వెళుతుంది. గుర్రమూ బతుకుతుంది, మనిషీ బతుకుతాడు. ఆవిడ 1955లో కైరోలోనే పోయారు. ఆవిడ పేరుతో ఆ సంస్థ ఇంకా నడుస్తోంది. మన దేశంలో ఇటుక బట్టీల దగ్గర బరువులు మోసే గుర్రాలకూ గాడిదలకూ కూడా పనిచేస్తోంది.

సరే, కాపాడడమంటే అన్నీ చంపడమేనా అని మీరు అడుగుతారు. కాదు. వయసు మిగిలి, ఒళ్లు బాగుపడే గుర్రాలు ఎన్నో వుంటాయి. గుర్రం ఆయుష్షు పాతికేళ్లు, బాగా చూస్తే ముప్ఫై. మన పని మాత్రం అందులో సగానికే అయిపోతుంది. పందెపు గుర్రం రెండేళ్ల వయసుకే పరుగు మొదలుపెడుతుంది, చాలావాటికి ఆరేడేళ్లకల్లా పరుగు అయిపోతుంది. తరువాత పద్దెనిమిదేళ్లు ఎవరు మేపాలి? కొన్ని స్వారీ నేర్పే బళ్లకు వెళతాయి, కొన్ని పెళ్లి వూరేగింపులకు వస్తాయి, కొన్ని ఎక్కడికి పోతాయో లెక్క వుండదు. అన్నట్టు, పాముకాటుకు ఇచ్చే ఇంజక్షను మన దేశంలో గుర్రం రక్తం నుంచే తయారవుతుంది. కొద్దికొద్దిగా విషం ఎక్కించి, దాని రక్తంలో పుట్టిన విరుగుడును తీస్తారు. పొలం వెళ్లిన కొడుకు పాము కరిచినా బతికి వచ్చాడంటే, ఆ తల్లి చూడని ఏ గుర్రానికో రుణపడి వుందన్నమాట.

దెబ్బతిన్న గుర్రాన్ని మళ్లీ మనిషి చేతికి మచ్చిక చేయడం గురించి మా అమ్మాయి చదివి వినిపించినవి, జట్కా తాత చెప్పినవి కలిపితే ఒకటే మాట అయింది. గుర్రం తిరగబడి చంపే జంతువు కాదు, పారిపోయి బతికే జంతువు. దాని కళ్లు తలకు రెండు పక్కలా వుంటాయి, దాదాపు చుట్టూ చూడగలదు. సరిగ్గా తోక వెనకా, నుదుటికి ఎదురుగానూ మాత్రం కనబడదు. అందుకని వెనక నుంచి వెళ్లకూడదు, చేయి చటుక్కున నుదుటి మీదకు చాపకూడదు. భుజం పక్కనుంచి మాట్లాడుతూ వెళ్లాలి. కొట్టించుకున్న గుర్రం దగ్గర మొదటి పది రోజులూ ఏమీ చెయ్యకుండా, శాలలో ఒక మూల కూచుని పని చేసుకుంటే చాలునట. అదే వచ్చి వాసన చూస్తుంది. నాకైతే కొత్తగా కాపురానికి వచ్చిన పిల్ల గుర్తుకొచ్చింది. దాన్నీ అంతే గదా, పలకరించి వదిలెయ్యాలి గాని మీద పడకూడదు.

గుర్రం నిలబడే కునుకు తీస్తుందని మీకు తెలిసే వుంటుంది. కాని గాఢనిద్ర పోవాలంటే దానికీ పడుకోవాలి. ఇక్కడ భయం లేదనిపిస్తే తప్ప పడుకోదు. అందుకని కాపాడి తెచ్చిన గుర్రం మొదటిసారి కాళ్లు ముడుచుకుని గడ్డిలో పడుకున్న రోజు, చూసేవాళ్లకు పెద్ద రోజు. ఒంటరిగా కూడా వుండలేదు. ఇంకో గుర్రం లేకపోతే గాడిదనో మేకనో తోడు కట్టినా ఊరట పడుతుంది. మన ముఖం కూడా చదువుతుంది. 2016లో ఇంగ్లండులో సస్సెక్స్ విశ్వవిద్యాలయంవారు 28 గుర్రాలకు మనుషుల ఫోటోలు చూపించారు. కోపపు ముఖం చూడగానే వాటి గుండె వేగంగా కొట్టుకుంది. జట్కా తాత వింటే, "దీనికి పరీక్ష ఎందుకమ్మలూ" అని నవ్వేవాడు.

ఇక మేత సంగతి. ఈ ప్రసంగంలో మిగతాదంతా మరిచిపోయినా ఇదొక్కటి గుర్తు పెట్టుకోండి. గుర్రానికి కడుపు చిన్నది. రోజులో పదహారు గంటల దాకా కొద్దికొద్దిగా గడ్డి మేస్తూ వుండడం దాని స్వభావం. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు. మనకైతే తిన్నది పడకపోతే బయటికి పోతుంది, దానికి ఆ దారి లేదు. ఎండిపోయిన కడుపులో ఒక్కసారి గింజలూ, అన్నమూ, బెల్లమూ పడితే పులిసి గాలి నిండి పేగులు తన్నేస్తాయి. ఆ గండం గడిచినా ఇంకొకటి వుంది. చాలాకాలం పస్తున్న ఒంట్లోకి పిండిపదార్థం, తీపి ఒక్కసారిగా వెళితే రక్తంలో వుండవలసిన లవణాలు చటుక్కున పడిపోయి, మూడు నుంచి అయిదు రోజుల్లో గుండె ఆగిపోతుంది. అందుకని కాలిఫోర్నియాలో పరిశోధన చేసి ఒక పద్ధతి చెప్పారు. మొదటి మూడు రోజులూ లూసర్న్ గడ్డి, అదైనా అరకిలో కన్నా తక్కువే, నాలుగు గంటలకొకసారి. రాత్రి కూడా లేచి పెట్టాలి. పది రోజుల దాకా మెల్లగా పెంచుకుంటూ పోవాలి. నీళ్లు మాత్రం ఎప్పుడూ దగ్గర వుండాలి. గింజలు అసలు వద్దు. ఒళ్లు తిరిగి రావడానికి నెలలు పడుతుంది. బాలింతకు పథ్యం పెట్టే ఇల్లాళ్లం మనం, ఇది మనకు తెలియని లెక్క కాదు. ఆ రోజు మాకు చెప్పేవాళ్లు లేకపోయారు.

మీ వూళ్లో అలా వదిలేసిన గుర్రం కనబడితే ముందు ఒక బకెట్టు నీళ్లు పెట్టండి, గుప్పెడు గడ్డి వెయ్యండి, పశువుల డాక్టరుకు కబురు చెయ్యండి. జాలికొద్దీ గంగాళం పొయ్యి మీద పెట్టకండి. పెళ్లిలో వరుణ్ణి ఎక్కించే గుర్రాన్ని బ్యాండు దగ్గర నిలబెట్టి డాన్సు చేయించమని మన పిల్లలు గోల చేస్తే ఆపండి. దాని చెవులు వెనక్కి నొక్కి వున్నాయేమో చూడండి, చాలు.

ఆకలికి మాడేటట్టు పశువును వదిలేయడం నేరమని 1960 నాటి చట్టంలోనే వుంది. మొదటిసారి చేస్తే పది నుంచి యాభై రూపాయల జరిమానా అని రాశారు. యాభై రూపాయలకు ఇప్పుడు గుర్రానికి ఒక పూట మేత కూడా రాదు. అయినా జట్కా తాత లాంటివాడి దగ్గర ఆ యాభై వసూలు చేసి మాత్రం ఎవరికి మేలు? బొంబాయిలో విక్టోరియా బండ్లు వుండేవి. 2015లో అక్కడి హైకోర్టు అవి చట్టవిరుద్ధమని తీర్పు చెప్పి, ఏడాదిలోగా ఆపెయ్యమన్నది. అప్పుడే బండివాళ్లకూ, గుర్రాలకూ కూడా వేరే దారి చూపించమని ప్రభుత్వానికి చెప్పింది. మంచి మాట. మా వూళ్లో ఆటోలు వచ్చినప్పుడు ఆ మాట అనేవాళ్లెవరూ లేరు. జట్కావాడు ఏమైపోతాడని మా ఇంట్లో కూడా ఎవరూ అడగలేదు. నెలకు ముప్ఫై రూపాయలు కలిసి వస్తాయని ఆటో మాట్లాడుకున్నాం.

అందుకే చాలా ఏళ్లు నాకు తాత మీదే కోపం. చిన్నతనం, తప్పంతా ఆయనదే అనుకున్నాను. రాణి పోయిన పదిహేను రోజులకు ఆయన వచ్చాడు. ఎవరో చెప్పారట. మనిషి సగమైపోయాడు, నాలుగడుగులు వేస్తే ఆయాసం. నేను తలుపు చాటున నిలబడి బయటకు రాలేదు. "అమ్మలూ" అని పిలిచాడు, పలకలేదు.

మా నాయనమ్మ అరుగు మీద చాప వేసి మజ్జిగ ఇచ్చింది. ఆయన తాగలేదు. "ఎవరో ఒక పుణ్యాత్ముడు నాలుగు గడ్డిపరకలు వెయ్యకపోతాడా అనుకున్నానమ్మగారూ. కట్టేసి వెళితే కట్టుకొయ్య దగ్గరే చస్తుంది, విప్పితే బతుకుతుందనుకున్నాను" అన్నాడు. సంచిలోంచి మువ్వల పట్టెడ తీసి అరుగు మీద పెట్టాడు. వెళ్లేటప్పుడు దాని మెడలోంచి తీసి తనతో తీసుకుపోయాడట. కాసేపు కూచున్నాడు. తరువాత మా నాయనమ్మ ముఖంలోకి చూడకుండా అడిగాడు.

"ఆకలితో పోయిందా అమ్మగారూ?"

మా నాయనమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తలుపు చాటునుంచి నాకు ఆవిడ వేళ్లు కనబడుతున్నాయి, చాప అంచు పీకుతున్నాయి.

"లేదు సాయిబూ. కడుపునిండా తిని పోయింది" అన్నది.

ఆయన రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. అప్పుడు మజ్జిగ తాగాడు.